రెండు గంటలకు రాసిన కబురు

జూన్ 3, సాయంత్రం

ఇవాళ ట్రైనింగు మేడమ్ నేను నింపిన లేబర్ ఛార్టుని, అదే కాన్పు సాగే తీరు చుక్కలతో గీసే కాగితాన్ని, గోడకి అంటించింది. చుక్కలు ముత్యాల్లా ఉన్నాయట. నర్సు పిల్లలు నన్ను గీతల పెద్దమ్మ అంటారు. ఈ కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేరి, మందు సీసాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చి, కాన్పులు చూసేదాకా వచ్చినదాన్ని. పొగడ్త ఎవరికి చేదు?

నిజం ఇక్కడ రాసుకుంటాను. అరగంటకోసారి పెట్టాల్సిన ఆ చుక్కలన్నీ కాన్పయ్యాక, చేతులు కడుక్కుని, తీరిగ్గా కూర్చుని పెట్టినవి. ముగ్గురు ఒకేసారి నొప్పులు పడుతుంటే పెన్ను పట్టే చెయ్యేది? గ్లవ్స్ కవరు మీద రెండంకెలు గిలుకుతాను. మిగతాది ఊహ.

మా ఆయన బస్సు డ్రైవరు. బండి కదలకముందే ట్రిప్ షీటు నింపేసేవాడు. అబద్ధాలకోరు అని తిట్టేదాన్ని. పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు నన్ను తిట్టడానికి మనిషి లేడు.

జూన్ 7

తొలికాన్పు పిల్ల. బిడ్డ తల ఎంతకీ దిగదే! పక్క మంచాల మీద ఇంకో ఇద్దరు. మూడున్నరకి కడుపు మీద గొట్టం ఆనించి వింటే బిడ్డ గుండె మందగించింది. పరుగెత్తి డాక్టరమ్మని పిలిచాను. కొత్తగా చేరింది, నాకు కూతురుంటే ఆ ఈడే. ఆపరేషన్ చేసి తీసింది. బిడ్డ ఏడవలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు.

తర్వాత ఛార్టు నింపాను. అందులో ఏటవాలుగా ఒక హద్దు గీత ఉంటుంది. కాన్పు నత్తనడకన సాగితే మన చుక్కల గీత దాన్ని దాటుతుంది. దాటగానే డాక్టర్ని పిలవాలి. లెక్క ప్రకారం రెండింటికే దాటింది. అందుకని అక్కడ ‘డాక్టరుకి చెప్పాను, 2.00’ అని రాశాను. అలవాటుపడిన చెయ్యి. అక్షరాలు కుదురుగా వచ్చాయి కూడా.

జూన్ 9

పెద్ద డాక్టరు నా ఛార్టు ఎత్తి చూపించి, రెండింటికి పిలిస్తే మూడున్నర దాకా ఏం వెలగబెడుతున్నావమ్మా అని డాక్టరమ్మని అడిగాడు. నన్ను పిలిచిందే మూడున్నరకి సార్ అంది. ఇంత శుభ్రంగా రాసిన ఆవిడ అబద్ధమాడుతుందా అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను.

జూన్ 10

ఆమెని తీసేస్తారట.

జూన్ 11

బాలింత నా రెండు చేతులూ పట్టుకుంది. నువ్వు రెండింటికే పిలిచావట కదా పెద్దమ్మా, నీ రుణం తీర్చుకోలేను, ఆ డాక్టరుది మాత్రం నాశనమైపోవాలి అంది.



జూన్ 12

చెప్పేశాను. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది, ఎందుకమ్మా నీకీ తంటా, ఇంటికెళ్లి పడుకో అన్నాడు పెద్ద డాక్టరు. రాసుకోండి సార్, మూడున్నర అన్నాను.

బాలింతకీ చెప్పాను. గోడ వైపు తిరిగిపోయింది.

జూన్ 15

డాక్టరమ్మ ఉద్యోగం నిలబడింది. నాకు విచారణ తేలేదాకా ఒక్క మంచమే ఇస్తారట, అదీ ప్రతి చుక్కకీ డాక్టరు సంతకంతో. అందరి ఛార్టులూ తిరగేస్తున్నారు. ఈ పెద్దమ్మ నోరు మూసుకుంటే ఏం పోయేది అని ఒకతి నాకు వినపడేలా అంది. టీకి ఎవరూ పిలవలేదు. బిడ్డ పాలు చప్పరిస్తోందని ఊడ్చే ఆవిడ చెప్పింది. ఈ మూడు రోజుల్లో నాతో మాట్లాడింది ఆవిడే, అదీ ఊడుస్తూ, కాళ్లు ఎత్తమంటూ.

జూన్ 19

9.30. బిడ్డ గుండె 140. డాక్టరమ్మ వచ్చి నా భుజం వెనక నిలబడింది. చుక్క పెట్టాను. పక్కన సంతకం చేసి వెళ్లింది.

10.00. 136. వచ్చింది. పెట్టాను. వెళ్లింది.

10.30. 144. వచ్చింది. తడి చెయ్యి తగిలి చుక్క అలుక్కుపోయింది. కొత్త కాగితం తీయబోయాను.

అలాగే ఉండనివ్వమంది.