ఎర్ర ట్యాగు పిన్ను

శ్రీదివ్య వదినకి,

ఫ్యాను ఆపి ఈ కవరు విప్పండి. లోపల టేపు కింద వెంట్రుకంత సన్నటి పిన్ను ఉంది, ఎర్ర ట్యాగుతో. ఎగిరిపోతే దొరకదు.

ఇక్కడ కొంపల్లిలో నేను అన్నయ్య నడిపిన జెట్‌కి మోడల్ చేస్తున్నాను. కిట్‌లో వచ్చిన సీటు పీటలా ఉందని, విడిగా రెజిన్ సీటు తెప్పించి బిగించాను. జెట్ కూలిన రోజు అన్నయ్యని బయటికి విసిరి బతికించింది అలాంటి సీటే. విమానం నేల మీదున్నంతసేపూ అది పొరపాటున పేలకుండా దానికి పిన్ను ఉంటుంది, ఎగిరేముందే తీస్తారు. "ఆయన మళ్లీ ఎగిరితే నేను కాకినాడ నుంచి రాను" అని మీరు వెళ్లిపోయాక, నేను ఆ పిన్ను గట్టిగా అతికించేశాను.

నిన్న హకీంపేట వైపు నుంచి జెట్ పోయింది. ఇన్నాళ్లూ ఆ మోతకి కిటికీ మూసేసే అన్నయ్య, నా ట్వీజర్ తీసుకుని పిన్ను పీకాడు.

"డాక్టర్లు ఒప్పుకున్నార్రా. వచ్చే సోమవారం ఎగురుతున్నా. ఇది మీ వదినకి పంపు. నేను దిగాక మళ్లీ పెట్టాలి, తెమ్మను" అన్నాడు.

ఆయన్ని ఆపమని నాకు ఫోన్ చెయ్యకండి, నా వల్ల కాదు. పిన్ను మాత్రం పారెయ్యకండి వదినా. సీటులో ఆ చిల్లు అలాగే ఉంచాను.

మీ మరిది