పసుపు పూసిన కార్డు

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. మీకిష్టమని గారెలు వండాను గానీ, మీ మీద కోపం మాత్రం పోలేదు.

గవర్నర్‌పేటలో మీరూ మీ స్నేహితుడు సుబ్బారావూ కలిసి ఇరవై ఏళ్ళు నడిపిన స్టీలు సామాన్ల కొట్టు అతనొక్కడిదేనట. అతన్ని ‘గారు’ అనబుద్ధి కావడం లేదు. లైసెన్సు, అద్దె ఒప్పందం అన్నీ అతని పేరు మీదే ఉన్నాయి. కొట్టు తెరిచిన నాటి ఆహ్వానం కార్డు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళాను. నాలుగు మూలలా పసుపు, కింద మీ ఇద్దరి పేర్లు. ఇన్నాళ్ళూ దాన్ని బీరువాలో దేవుడి పటంలా దాచారు కదా.

లాయరుగారు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇద్దరూ కలిసి పిలిచారని ఉందమ్మా. ఎవరి వాటా ఎంతో లేదు. భాగస్వామ్య పత్రం ఏమైనా రాసుకున్నారా?"

రాసుకోలేదు. నేనడిగినప్పుడల్లా "మా మధ్య కాగితాలేంటే, పిచ్చిదానా" అని నవ్వారు. ఇప్పుడు పిచ్చివాళ్ళెవరండీ? కేసు వెయ్యాలంటే సాక్షులు కావాలట. మీ స్నేహాన్ని మెచ్చుకున్న బజారంతట్లో ఒక్కరూ కోర్టుకు రానంటున్నారు.

హనుమాన్ జంక్షన్‌లో నేనూ చెల్లెలూ కలిసి చిన్న కొట్టు పెడుతున్నాం. నిన్న ఒప్పందం రాయించిన స్టాంపు కాగితం దాని ముందు పెడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మన మధ్య కాగితాలేంటక్కా?"

అచ్చం మీ మాటే. నా ఒళ్ళు మండిపోయింది.

"ముందు సంతకం పెట్టు. తర్వాత ఏడుద్దువుగాని" అన్నాను.

పెట్టింది. ఆ తర్వాతే మా కార్డుకు పసుపు పూశాను.