కొండమీద నీ పేరున అర్చన

మద్దిలేటి బావకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, అడవిలోని నరసింహస్వామి కొండమీద నిన్న కోతులు మా ప్రసాదాన్ని సర్వహక్కులతో స్వాధీనపరచుకున్నాయి. కావున నీకు పంపడానికి ఏమీ మిగల్లేదు.

ఫోనెత్తవు కాబట్టి రాస్తున్నాను. ఉగ్గానిలో ఉప్పు లేదని పదిమంది ముందర నువ్వు అక్కను ఎగతాళి చేసి పుట్టింటికి పంపినప్పటినుంచి, మా ఇంట్లో అన్నింటా ఉప్పు రెండింతలు పడుతోంది. నాలుక చచ్చి, స్వామికి మొక్కుకుని నేనే అక్కను కొండకు తీసుకుపోయినాను. మెట్ల పొడుగునా అడవే. "ఎలుగుబంట్లు తిరుగుతాయంట, బిన్నా నడువక్కా" అంటే, "రానీలేరా, మీ బావతో కాపురం చేసినదాన్ని, ఎలుగొక లెక్కనా?" అనింది.

గుడిలో పూజారయ్య "ఎవరి పేరున అర్చనమ్మా?" అని అడిగినాడు. అక్క తడుముకోకుండా నీ పేరే చెప్పింది. ఇంకేం కావాలి నీకు? ఈ ఆదివారం వచ్చి పిలుచుకుపో. ఉగ్గాని పెడితే నోరు మూసుకుని తిను.

ఉత్తరం అంటించే ముందు ఒక మాట. అక్క నీ పేరు చెప్పలేదు బావా, అది నా కల్పన. ఆమె మూతి బిగించుకుని నిలబడింది. "మద్దిలేటి, ఆశ్లేష నక్షత్రం" అని చెప్పింది నేను. అక్క నా జబ్బ గట్టిగా గిల్లి, పూజారయ్య వైపు తిరిగి, "ఆశ్లేష కాదు సామీ, విశాఖ" అనింది.

ఇట్లు,
నీ బామ్మర్ది