కడిగిన బావి

చిన్నోడా, నేను మీ అమ్మని, డెబ్బై ఆరేళ్ళదాన్ని. ఇంట్లో నేనూ, అన్నా వదినా ఉన్నాం. పక్కింటి టైలరు చేత రాయిస్తున్నాను.

అందరం కులాసా, బావే బాగాలేదు. మన పక్క బంకులో ట్యాంకు కారి పెట్రోలు మన నీళ్ళలో కలుస్తోందని నేను అర్జీ పెడితే, పరీక్ష చేసేవాళ్ళు సోమవారం వచ్చారు. పెద్దమనుషులొస్తున్నారు కదా అని ముందురోజే బావి తోడించి కడిగించాను, నా బుద్ధి మండ! సీసాలో నీళ్ళు అద్దంలా వచ్చాయి. "ముసలమ్మా, ముందు నీ ముక్కు చూపించుకో" అని నవ్విపోయారు. గురువారానికి మళ్ళీ రంగుల తెట్టు కట్టింది.

ఇంకోసారి రమ్మని వాళ్ళ పైఆఫీసులో నువ్వు అడుగు. ఈసారి చీపురు ముట్టను. అప్పటిదాకా పసిదాన్ని ఇక్కడికి తేకు. కోడలికి దీవెనలు.

వేలిముద్రకి సిరా వద్దన్నాను, బావినీళ్ళలోనే ముంచి వేశాను. కార్డు వాసన చూడు.

సాక్షులు: టైలరు, మీ వదిన.