చింతపండు పొట్లం మీద ఊరి పేరు

అమ్మీ,

చెల్లీ, నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మునిగుడలో మన చింతపండు కొట్టుకి వెబ్‌సైట్ చేయించాను. దానికోసం రాయగడ నుంచి వచ్చిన డిజైనర్ కొట్టంతా ఫోటోలు తీసి, పై అర దగ్గర ఆగిపోయాడు. నువ్వు కట్టిన ఆఖరి నాలుగు పొట్లాలు అమ్మబుద్ధి కాక అక్కడే దాచాను. ఒక్కోదాని మీదా ఆ చింతపండు ఏ కొండ ఊరిదో నీ చేత్తో రాసి ఉంది.

"ఇలా ఎవరూ రాయరు సార్. సైటంతా దీనిమీదే కడదాం. ఎవరి ఆలోచన ఇది?" అన్నాడు.

నువ్వు మొదటిసారి రాస్తుంటే నేనెంత నవ్వానో గుర్తుంది. "పులుపుకి ఊరేటే?" అన్నాను.

"సెట్టు సెట్టుకీ రుసి మారతాది అన్నియ్యా. కొన్నోళ్లకి సెప్పాల" అంటూ తలెత్తకుండా రాసుకుపోయావు.

డిజైనర్‌తో మాత్రం "నాదేనండి" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

ఇప్పుడు సైటు తెరవగానే నా ఫోటో కనిపిస్తుంది. దాని కింద, ఊరి పేరు రాయాలన్న ఆలోచన నాదేనని ఉంది. ఆ వెనక పొట్లాల మీద నీ అక్షరాలు.

"ఏదైనా మార్చాలంటే ఒక్క ఫోన్ చెయ్యండి, చాలు" అని చెప్పి వెళ్ళాడతను.

ఫోన్ పక్కనే ఉంది అమ్మీ. అతనికి చెయ్యకుండా, నీకు ఉత్తరం రాస్తున్నాను.