బాంబు తలుపు మీద సున్నా

శుక్రవారం, తిరుపతి

డ్రాయింగు మరీ సరిగ్గా సరిపోతోంది. నాకు అదే నచ్చడం లేదు.

ముక్కలు అతికించి చేసే నా బాంబర్ విమానం బొమ్మ కిట్టుకి ఉన్న గాజు ముక్కు కోసేసి, పొడుగాటి రేకు ముక్కు పెట్టాలని నా ఆశ. కొలతలు కావాలన్నానని పాకాల నుంచి మునిరత్నం బావ ఈ డ్రాయింగు కాగితం తెచ్చిచ్చాడు. విమానాల ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ల నాయన పెట్టెలో దొరికిందట.

సాయంత్రం కిట్టు ముక్కలను దాని మీద పరిచాను. సైజు తగ్గించే పనే లేకపోయింది, ఫ్యాక్టరీ వాళ్లు నా కిట్టు కోసమే గీసినట్టు. పైగా బాంబులు వదిలే తలుపు లోపలి వైపు డ్రాయింగులో చిన్న సున్నా ఉంది. నా ప్లాస్టిక్ తలుపు మీదా అదే చోట అదే సున్నా. అచ్చులోంచి ముక్కను బయటికి నెట్టే మేకు వదిలిన గుర్తు అది. నిజం విమానానికి ఆ గుర్తు ఎందుకుంటుంది?

మామిడికాయల కాలమంతా ఈ కిట్టు బావ ఇంట్లోనే ఉంది. చూసి ఇస్తానని తీసుకెళ్లాడు.

ఫోన్ చేశాను. "బావా, మీ నాయన ఎప్పుడన్నా ప్లాస్టిక్ విమానాలు చేసినాడా?"

"మా నాయనా? బొమ్మలు ముట్టుకుంటేనే మమ్మల్ని తిట్టేవాడు. ఏమి?"

"ఊరికే. తలుపు మీద సున్నా ఒకటి ఉండాది, ఏందా అని."

బావ దగ్గాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ముక్కు ఇంకా కొయ్యలేదు కదబ్బా?"

లేదన్నాను. హమ్మయ్య అన్నాడు.

నా కిట్టు చూసి గీసింది కాక ఫ్యాక్టరీ డ్రాయింగే అయితే, హమ్మయ్య ఎందుకు?