కాలిపర్ మీది సంగటి

అమరావతీ, మీ తమ్ముడు మునిరాజ మన కారుకు పెద్ద బ్రేకులు బిగించి, చక్రానికి తగులుతాయో లేదో చూడకుండానే పోయినాడు. అడిగితే, "నీకేం తెలుసు బావా, ఘాటు రోడ్డులో గోడ మాదిరి నిలబడతాది సూడు" అన్నాడు.

కారు కదలనియ్యొద్దు. కుప్పం పెండ్లికి తోలుకుపోతానని వాడొస్తే, తాళం నా జేబులో ఉండాదని చెప్పు. మీరు బస్సులో పోండి.

పొద్దున నేను చక్రం ఊడదీసి, లోపల బ్రేకును అదిమిపట్టే కాలిపర్ మీద సంగటి ముద్ద అంటించి, మళ్లీ చక్రం బిగించి ఒక చుట్టు తిప్పినాను. విప్పి చూస్తే ముద్ద కాగితమంత పలచనైంది. అంటే నడుమ సందే లేదు. దిగుడులో బ్రేకు వేడెక్కితే ఇనుము పొంగి చక్రాన్ని పట్టేస్తుంది. లోపల మీరుంటారు. ఆ సంగటి కడగొద్దు, వాడి కండ్లతో వాడే చూడాల.

పాత బ్రేకులు మదనపల్లెలో ఎవరికో అమ్మేసినాడంట. వెతికేదానికి పోతాండాను.

ముద్ద నీ భాగంలోదే తీసినాను. దోసెలు తెప్పించుకో.

వాడికి ఇదొక్కటి చెప్పు. ఈ కారు కొనేదానికి సదుంలో నేను అమ్ముకున్నది మా నాయన టమోటా పండించిన చేను, ముప్పై అయిదు సెంట్లు.